తుపాకి సైలెన్సర్‌కు రక్షణ పూత – ఒక ఆర్మరర్ చెప్పే నాలుగు మాటలు

(నోయిడాలో జరిగిన మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో భాష గురించి, పండుగల గురించి, పెన్షన్ గురించి మాట్లాడుకుంటున్నాం. ఈసారి కార్యవర్గం వారు "సుబేదార్ సాబ్, మీ ట్రేడ్ గురించి ఏదైనా చెప్పండి" అన్నారు. నేను ఇంటర్మీడియట్ చదివి ఫౌజులో చేరినవాణ్ణి. సికింద్రాబాద్ ఈ.ఎం.ఇ. సెంటర్‌లో రంగరూటుగా అడుగుపెట్టి, ఆర్మరర్‌గా చేత్తో పని నేర్చుకుని, సుబేదారుగా రిటైరయ్యాను. ఈ సభలో పెద్ద చదువులు చదివిన ఇంజినీర్లున్నారు. వారికి తెలియని సిద్ధాంతాలేవీ నేను చెప్పను. అలాగే రహస్యమనదగ్గ సంగతి కూడా ఇందులో ఒక్కటీ లేదు. అంతా బయట పుస్తకాలలో ఉన్నదే, వర్క్‌షాపులో మా చేతులకు తెలిసినదే.

నేను ఎంచుకున్న విషయం సైలెన్సర్‌కు వేసే రక్షణ పూత. ఇంత చిన్న విషయమా అని కొందరికి అనిపించవచ్చు. కానీ మన కోత్‌లో ఉన్న సామాన్లన్నింటిలోకీ పూతకు అతి కఠినమైన పరీక్ష పెట్టేది ఈ సైలెన్సరే. దాని మీద నిలబడిన పూత ఎక్కడైనా నిలబడుతుంది. దాని విషయంలో చేసిన పొరపాటుకు మూల్యం ఆయుధం పట్టుకున్న జవాను చెల్లించవలసి వస్తుంది.

ముందు సైలెన్సర్ అంటే ఏమిటో ఇంట్లోవాళ్ళకు కూడా తెలిసేలా చెబుతాను. అమెరికాలో హైరమ్ పెర్సీ మాగ్జిమ్ అనే ఆయన 1909లో దీనికి పేటెంటు పొందాడు. మాగ్జిమ్ మెషీన్ గన్ కనిపెట్టిన ఆయన కొడుకే ఈయన. తుపాకి పేలినప్పుడు గుండు వెనకే మండే వాయువు ఒక్కసారిగా బయటికి దూకుతుంది. ఆ వాయువును ఒక డబ్బాలో పట్టి, గదులు గదులుగా తిప్పి, చల్లార్చి, నెమ్మదిగా వదిలితే చప్పుడు తగ్గుతుంది. బుల్లెట్ మోటార్ సైకిల్ సైలెన్సర్ చేసే పనీ అదే. సినిమాలో చూపించినట్టు 'టుప్' అని చిన్న చప్పుడు మాత్రమే రావడం నిజం కాదు. రైఫిల్ చప్పుడు సుమారు 160 డెసిబెల్స్ ఉంటే, మంచి సైలెన్సర్ దాన్ని 20 నుంచి 35 దాకా తగ్గిస్తుంది. 140 దాటితే ఒక్క దెబ్బకే చెవి పాడయ్యే ప్రమాదం ఉంది. చెవుల్లో దూది కుక్కుకుని రేంజ్‌లో ఫైరింగ్ చేసిన తరం మనది. ఇంట్లో ఆడవాళ్ళు రెండుసార్లు పిలిస్తే గాని పలకని వాళ్ళు ఈ హాల్లో ఎంతమంది ఉన్నారో చేతులెత్తమని అడగను గానీ, ఆ లెక్కల అర్థం మీకు వేరే చెప్పనక్కరలేదు.

మన సైన్యంలో 9 ఎం.ఎం. కార్బైన్ 1ఎ అందరి చేతుల్లోనూ తిరిగినదే. దాని సైలెన్సర్ రూపం 2ఎ1. ఇవి కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీలో తయారయ్యాయి. 2021 అక్టోబరు 1న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును ఏడు కంపెనీలుగా విడదీసినప్పుడు ఆ ఫ్యాక్టరీ కూడా అందులో ఒక కంపెనీ కిందికి వెళ్ళింది. 2ఎ1కు మూలం బ్రిటిష్ వారి స్టెర్లింగ్ కార్బైన్. వారి సైలెన్సర్ రకం పేరు ఎల్34ఎ1. దానిలో బ్యారెల్‌కే 72 చిన్న రంధ్రాలుంటాయి. మామూలు తూటా వేసినా ఆ రంధ్రాల గుండా వాయువు కొంత ముందే జారిపోయి, గుండు వేగం ధ్వని వేగం కంటే తగ్గుతుంది. అందువల్ల గాలిని చీల్చే 'ఫట్' చప్పుడు కూడా రాదు. తెలివైన ఏర్పాటే. కానీ ఆర్మరర్ కళ్ళతో చూడండి. ఆ 72 రంధ్రాలూ, వాటి చుట్టూ ఉన్న జాలీ, గొట్టం, చివర మూత, ఇవన్నీ మసి పట్టేవే, తుప్పు పట్టేవే.

తుప్పు ఎక్కడి నుంచి వస్తుంది? మందు కాలినప్పుడు పొగ, మసితో పాటు నీటి ఆవిరి కూడా పుడుతుంది. ఫైరింగ్ అయ్యాక సైలెన్సర్ చల్లబడుతూ ఆ తడిని లోపలి గోడల మీదే వదిలిపెడుతుంది. దానికి తోడు బయటి వాతావరణం. విశాఖపట్నంలో ఉప్పు గాలి, ఈశాన్య రాష్ట్రాలలో ఆగని వాన, ఈ నోయిడాలోనే జనవరి పొగమంచు, జులై ఉక్క. పాత .303 రోజులలో తూటా క్యాప్‌లోని మందు కాలి ఉప్పు లాంటి పదార్థం మిగిలేది. అందుకే ఆనాటి సిపాయిలు బ్యారెల్‌లో మరిగే నీళ్ళు పోసి కడిగి, ఆ తరువాతే ఫుల్‌త్రూకు చిందీ కట్టి లాగేవారు. ఇప్పటి తూటాలలో ఆ ఉప్పు లేదు గానీ తడి మాత్రం పోలేదు.

మామూలు రైఫిల్ బాడీకి ఇంతకాలం మనల్ని కాపాడినది నూనె. బ్లూయింగ్ అనే నల్ల పూతనే తీసుకోండి. అది ఉక్కు పైపొరనే కాస్టిక్ ద్రావణంలో సుమారు 140 డిగ్రీల దగ్గర ఉడికించి నల్ల ఆక్సైడ్‌గా మార్చడం. చూడటానికి అందంగా ఉంటుంది గానీ మందం మైక్రాన్‌కు అటూ ఇటూ మాత్రమే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మనిషి వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు ఉంటుందనుకుంటే ఆ పూత ఎంత పల్చనో ఊహించండి. దాని మీద నూనె లేకపోతే తుప్పు ఆగదు.

రెండోది ఫాస్ఫేటింగ్. బ్రిటన్‌లో కాస్లెట్ అనే ఆయన 1906లో పేటెంటు పొందిన పద్ధతిని తరువాత అమెరికాలో పార్కర్ కంపెనీ వృద్ధి చేసింది. మాంగనీస్ ఫాస్ఫేట్ ద్రావణంలో 90 డిగ్రీల పైన ఉంచితే ఉక్కు మీద సన్నని స్ఫటికాల పొర పెరుగుతుంది. మన ఆయుధాల మీద కనిపించే మెరవని బూడిద నలుపు ఇదే. ఆ స్ఫటికాల మధ్య సందులు నూనెను స్పాంజిలా పట్టి ఉంచుతాయి.

ఈ ఫాస్ఫేట్ రక్షణ మనకు కొత్తదేమీ కాదని చెప్పే సాక్ష్యం ఇక్కడికి దగ్గర్లోనే, మెహ్రౌలీలో కుతుబ్ మీనార్ ఆవరణలో నిలబడి ఉంది. ఆ ఇనుప స్తంభం గుప్తుల కాలం నాటిది, వయసు సుమారు 1600 ఏళ్ళు. ఎత్తు ఏడు మీటర్ల పైన, బరువు ఆరు టన్నుల పైన. అది ఎందుకు తుప్పు పట్టి రాలిపోలేదన్న ప్రశ్నపై ఐఐటీ కాన్పూర్ ఆచార్యులు ఆర్. బాలసుబ్రమణ్యం గారు పరిశోధన చేసి 2000లో ప్రచురించారు. ఆ ఇనుములో భాస్వరం, అంటే ఫాస్ఫరస్, నేటి ఉక్కులో కంటే చాలా ఎక్కువగా ఉంది. ఏళ్ళ తరబడి ఎండకు, వానకు తడిసి ఆరుతూ ఉపరితలం మీద ఒక సన్నని ఫాస్ఫేట్ పొర ఏర్పడింది. ఆ పొరే స్తంభానికి కవచం. మన ఫాస్ఫేటింగ్ ట్యాంకులో కొన్ని నిమిషాల్లో చేసే పనిని ఢిల్లీ గాలి వందల ఏళ్ళు తీసుకుని చేసిందన్నమాట. పిల్లల్ని తీసుకుని కుతుబ్ మీనార్ చూడటానికి వెళ్ళినప్పుడు ఈ మాట కూడా చెప్పండి.

అయితే సైలెన్సర్ దగ్గరికొచ్చేసరికి ఈ రెండు పూతలకూ ఒకటే చిక్కు. రెండూ నూనె మీద ఆధారపడినవి. ఎడతెగని ఫైరింగ్‌లో రైఫిల్ సైలెన్సర్ 500 డిగ్రీలు కూడా దాటగలదు. ఆ వేడికి నూనె ముందు పొగవుతుంది, తరువాత మాయమవుతుంది. ఆ పొగ గురి చూసేవాడి కళ్ళకు అడ్డం, వాడున్న చోటు శత్రువుకు గుర్తు. నూనె పోయాక మిగిలేది సందులున్న ఒట్టి పొర. మరి మామూలు పెయింటు వేస్తేనో? బుల్లెట్ సైలెన్సర్‌కు బజారులో దొరికే నల్ల ఎనామిల్ కొట్టినవాళ్ళకు తెలుసు. నాలుగు కిలోమీటర్లు తిరిగి వచ్చేసరికి కంపు కొట్టి, బుడగలు లేచి, పెచ్చులూడుతుంది. పెయింటులో రంగును పట్టి ఉంచే జిగురు కాలిపోవడమే కారణం. స్టెర్లింగ్ కార్బైన్ల మీద ఉండే ముడతల నల్ల పెయింటు ఎంతో గట్టిదే. అది పిస్టల్ తూటా వేడికి సరిపోయింది గానీ రైఫిల్ వేడికి అలాంటిది చాలదు.

అందుకే ఈ 20, 25 ఏళ్ళలో సిరామిక్ పూతలు ముందుకొచ్చాయి. అమెరికా వారి సిరాకోట్ పేరు మీలో కొందరు విని ఉంటారు. దానిలోనే రెండు రకాలున్నాయి. ఒకటి సుమారు 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు కాల్చేది. అది రైఫిల్ బాడీకి బాగుంటుంది, సైలెన్సర్ మీద మాత్రం రంగు మారి దెబ్బతింటుంది. రెండోది గాలికే ఆరేది. పూర్తిగా గట్టిపడటానికి ఐదు రోజులు పడుతుంది గానీ, తయారీదారు లెక్క ప్రకారం 980 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. సైలెన్సర్‌కు తగినది ఇదే. డబ్బా మీద ఒకే పేరున్నంత మాత్రాన లోపలిది ఒకటే అనుకోవద్దు.

లోహాన్ని బట్టి కూడా పద్ధతి మారుతుంది. స్టీలుకు ఒకటి, టైటానియంకు ఒకటి, అల్యూమినియంకు అనోడైజింగ్. హైదరాబాద్ లోకేశ్ మెషీన్స్ వారు తయారుచేసిన 'అస్మి' మెషీన్ పిస్టల్ పైభాగం అల్యూమినియంతో చేసినదే. 2024లో మన ఉత్తర కమాండ్‌కు 550 అందాయి. అలాగే హైదరాబాద్ బాలాపూర్‌లో ఉన్న ఏ.ఆర్.సి.ఐ. సంస్థలో డిటొనేషన్ స్ప్రే, కోల్డ్ స్ప్రే, అల్యూమినియంకు మైక్రో ఆర్క్ ఆక్సిడేషన్ వంటి పూతల మీద ఏళ్ళుగా పని జరుగుతోంది. మన పిల్లల్లో ఇంజినీరింగ్ చదివేవారికి ఇది మంచి దారి అని నా మనవి.

ఇక అసలు విషయానికొస్తాను. పూత ఏదైనా సరే, దాని కింద లోహాన్ని ఎంత శుభ్రం చేశామో అంతవరకే అది పనిచేస్తుంది. మన చిన్నప్పుడు ఊళ్ళోకి కళాయి వేసేవాడు వచ్చేవాడు, గుర్తుందా? ఇత్తడి గిన్నె తీసుకోగానే తగరం పూసేవాడా? ముందు ఇసుకతో, చింతపండుతో తోమి, కొలిమి మీద ఎర్రగా కాల్చి, నవాసాగరం చల్లి తుడిచి, అప్పుడు తగరం తాకించేవాడు. తగరం తుడవడం నిమిషం పని. ముందు పని గంటది. సైలెన్సర్‌కూ అదే న్యాయం.

వరసగా చెబుతాను. మొదటిది, ఆయుధం ఖాళీ అని రెండుసార్లు చూసుకుని సైలెన్సర్ విడదీయాలి. రెండోది, మసి, నూనె తీయాలి. ఇక్కడ జాగ్రత్త. ఆ మసిలో సీసం ఉంటుంది. పొడిగా గోకి, కంప్రెసర్ గాలి కొట్టి ఎగరగొడితే అది నేరుగా మన ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. తడిపే తుడవాలి, గ్లవ్స్ వేసుకోవాలి, మాస్కు పెట్టుకోవాలి, చేతులు కడగకుండా టీ గ్లాసు ముట్టకూడదు, ఆ బట్టలతో పిల్లల్ని ఎత్తుకోకూడదు. క్లోరిన్ ఉన్న క్లీనర్లు వాడి ఆరకముందే వేడి చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టే ప్రమాదం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషుల్ని చంపిన వాయువు అదే.

మూడోది, ఒకసారి ఓవెన్‌లో వేడి చేసి చూడటం. సందుల్లో దాగిన నూనె అప్పుడు చెమటలా బయటికొస్తుంది. వస్తే మళ్ళీ కడగాలి. నాలుగోది, అల్యూమినియం ఆక్సైడ్ ఇసుకతో బ్లాస్టింగ్. నున్నటి గోడకు సున్నం పట్టదు, నున్నటి ఉక్కుకు పూత పట్టదు. కంటికి మెరుపు పోయి ఒకేలా మసకగా కనిపించాలి. ఐదోది, బ్లాస్టింగ్ అయిన భాగాన్ని ఒట్టి చేత్తో ముట్టకుండా అదే రోజు పూత వేయాలి. వానాకాలంలో తెల్లారేదాకా ఉంచితే కంటికి కనపడని తుప్పు అప్పుడే మొదలై ఉంటుంది. ఆరోది, పల్చగా వేయాలి. పది నుంచి పాతిక మైక్రాన్లు చాలు. దళసరిగా వేస్తే బలం అనుకునేవాళ్ళున్నారు. వేడికి ఉక్కు సాగినంత పూత సాగదు, దళసరి పూత ముందే పగులుతుంది.

ఏడోది అన్నింటికంటే ముఖ్యం. మరలు, లోపలి దారి, బ్యారెల్ మీద ఆనే అంచు, ఈ మూడింటికీ పూత తగలకుండా బిరడాలు, టేపు పెట్టి మూయాలి. ఎందుకో చిన్న లెక్క చూడండి. సైలెన్సర్ ఆనే అంచు వ్యాసం 15 మిల్లీమీటర్లు, సైలెన్సర్ పొడవు 200 మిల్లీమీటర్లు అనుకుందాం. ఆ అంచు మీద ఒక పక్క మాత్రమే 50 మైక్రాన్ల పెయింటు చేరింది. అంటే 0.05 మిల్లీమీటరు, వెంట్రుక కంటే సన్నం. కానీ ఆ వంపు 200 మిల్లీమీటర్ల చివరికి వెళ్ళేసరికి 0.67 మిల్లీమీటరు అవుతుంది. గుండుకూ లోపలి రంధ్రం అంచుకూ మధ్య ఉండే ఖాళీయే మిల్లీమీటరు లెక్కలో ఉంటుంది. ఆ ఖాళీ తీరితే గుండు లోపలి పలకను రాసుకుంటుంది, లేదా పగలగొడుతుంది. పక్కనున్న వాడి ప్రాణం ఆ వెంట్రుకంత పెయింటు మీద ఆధారపడి ఉందన్నమాట. అందుకే పూత ఆరాక బ్యారెల్ గుండా అమరిక చూసే కడ్డీ పెట్టి, అన్ని పక్కలా ఖాళీ సమంగా ఉందో లేదో చూడకుండా ఆయుధాన్ని కోత్‌కు తిరిగి పంపకూడదు.

నా సర్వీసులో చూసినది ఒకటి చెబుతాను. ఏ యూనిట్టో చెప్పను, అవసరం లేదు. ఇన్‌స్పెక్షన్ రెండు రోజుల్లో ఉందనగా సైలెన్సర్ కార్బైన్లన్నింటికీ పై నుంచి కింది దాకా నల్ల పెయింటు కొట్టారు. మసి మీద, తుప్పు మీద, మూత మరల మీద కూడా. ఇన్‌స్పెక్షన్‌లో శభాష్ అనిపించుకున్నారు. ఆరు నెలల తరువాత అవి మా వర్క్‌షాపుకు వచ్చాయి. మూతలు ఊడవు. ఒకదాన్ని అప్పటికే ఎవరో పైప్ రెంచితో తిప్పబోయి గొట్టమే నొక్కేశారు. ఊడదీసినవాటిలో పెయింటు కింద తుప్పు పొరలు పొరలుగా ఉంది. పైన పటారం లోన లొటారం అన్న సామెత నాకు ఆ రోజు కళ్ళకు కట్టింది. ఆ కుర్రాళ్ళది తప్పని నేననను. వాళ్ళకు దొరికింది రెండు రోజులు, అడిగింది మెరుపు. నల్లగా ఉందా అని అడిగే అధికారి కంటే, విప్పి చూపించు అని అడిగే అధికారి జవానుకు ఎక్కువ మేలు చేసినట్టు. సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకు నేను చెప్పేది ఇదే. తుప్పు కనపడితే అది కనపడనివ్వండి. రాసి పెట్టండి, వర్క్‌షాపుకు పంపండి. కనపడే తుప్పుకు మందుంది, పెయింటు కింద దాక్కున్న తుప్పుకు లేదు.

రిటైరైన మనకు ఇదంతా ఎందుకని ఒక మిత్రుడు అడిగాడు. ఈ నోయిడాలోనే మన మాజీ సైనికులు ఎంతోమంది లైసెన్సు తుపాకులతో బ్యాంకుల దగ్గర, ఫ్యాక్టరీల దగ్గర గన్‌మెన్‌గా పనిచేస్తున్నారు. వారికి మూడు మాటలు. ఒకటి, చప్పుడు తగ్గించే పరికరం మన చట్టంలో నిషేధిత వర్గంలో ఉంది. సరదాకైనా, ఇంటర్నెట్‌లో చూసైనా దాని జోలికి పోవద్దు. నేను ఇంతసేపు చెప్పినది సైన్యం వర్క్‌షాపు పని, ఇంటి పని కాదు. రెండు, మీ పన్నెండు బోరుకు రంగు పోయిందని బజారు పెయింటు కొట్టించవద్దు, బ్లాస్టింగ్ చేయించవద్దు. తుపాకి నంబరు చెరిగిందా, ఆయుధాల చట్టం కింద అది మీ మెడకే చుట్టుకుంటుంది. లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గరికే తీసుకువెళ్ళండి. మూడు, డ్యూటీ అయ్యాక పొడి గుడ్డతో తుడిచి పల్చగా నూనె రాయండి. ఆ తుపాకికి 500 డిగ్రీల వేడి లేదు కాబట్టి నూనె చాలు. తోలు కవర్లో పెట్టి బీరువాలో దాచవద్దు. తోలు తడిని పీల్చి తుపాకికే అందిస్తుంది.

ఇనుప పెనానికి నూనె రాసి కాల్చి నల్లటి పొర తెప్పించే విద్య మన అమ్మలకు ఏ ట్రేడ్ ట్రైనింగూ లేకుండానే వచ్చు. వాళ్ళు పెనాన్ని ముందు శుభ్రంగా తోముతారు, ఆరబెడతారు, తరువాతే నూనె తాకిస్తారు. ఆ క్రమం మార్చరు. మన ఆయుధాల దగ్గర కూడా ఆ క్రమం తప్పకుండా చూసుకుంటే చాలునని మనవి చేస్తున్నాను.

జై హింద్.